పలక మీద టేకు నంబరు

మా క్లాప్‌బోర్డు రాతిపలక.
మార్కాపురంలో వేరే ఏం దొరుకుతుంది?
ఓ మూల చెక్క ఊడింది,
ఎవరో పిల్లాడు మేకుతో గీకిన 'అ' ఇంకా పోలేదు.
దాని పక్కనే బలపంతో రాస్తాను:
సీను ఒకటి, టేకు ఒకటి.
ఖాదర్‌వలీ ముందుకొచ్చి ఒక్కసారి చేతులు చరుస్తాడు.
మా సినిమాకి పడే చప్పట్లు అవే,
అవీ మొదలవకముందే.

వారమంతా నేను బస్టాండు ఎదురు సందులో
సెల్‌ఫోన్లు విప్పి బిగిస్తాను.
పగిలిన అద్దాల కింద జనం దాచుకున్న వీడియోలు
చూడనట్టు చూస్తాను:
బారసాలలు, గేదె ఈనడం, గొడవలో గాల్లోకి లేచిన చెప్పు.
నాకు నచ్చేది వాటి చివరి రెండు సెకన్లు.
తీసేవాడు ఆపడం మర్చిపోయి ఫోను దించేస్తే
నేల, కాలి బొటనవేలు, ఎవరిదో సగం నవ్వు.
ఈ పని నేను అక్కడ నేర్చుకున్నాను.

పోయినేడు గుండ్లకమ్మ ఇసుకలో
విరిగిన గొడుగొకటి దొర్లుకుంటూ పోతే
నాలుగు నిమిషాలు దాని వెంట పరిగెత్తాం.
అంతకుముందు, ట్యాంకరు కోసం వరస కట్టిన బిందెల నీడలు.
అమ్మ చూసి, "ఆ సొట్టబిందె మనదేగా" అంది.
ఇప్పటిదాకా మాకొచ్చిన రివ్యూ అదొక్కటే.

ఈసారి మూతపడబోతున్న పలకల షెడ్డు.
కథ లేదు.
రేకు చిల్లులోంచి దిగే ఎండ,
ఎండలో లేచే రాతిపొడి,
దాని వెనక మాలకొండయ్య చేతులు.
ఉలితో తట్టి, చెవి ఆనించి విని,
బండని పొరలుగా విడదీసే చేతులు.
ఏడు నిమిషాలు, కట్ లేకుండా.
మూడు ఇటుకలూ సైకిల్ ట్యూబు ముక్కా మా ట్రైపాడు.

టేకు రెండు: దగ్గాడు.
టేకు మూడు: ఎండ జరిగింది, ఇటుకలు జరిపాం, దగ్గాడు.
టేకు ఐదు: ఆరో నిమిషం దాకా ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.
"తప్పైపోయిందబ్బయా, ఇంకోసారి తీయి."
ఆ మాటా రికార్డయింది.
నేను సిగ్గు లేకుండా పలక తుడిచి
ఆరు అని రాశాను.
పన్నెండు దాకా రాశాను.

రాత్రి షాపు షట్టరు సగం దించి
దగ్గుల్ని ఒక్కోటీ కత్తిరించాను.
ఖాళీల్లో ఫ్యాను చప్పుడు అతికించాను.
చూస్తే, పొడి మెరుస్తోంది,
చేతులు కదులుతున్నాయి,
మనిషి మాత్రం లేడు.
తెల్లారుజాము దాకా కూర్చుని
తీసిన దగ్గుల్ని తీసినచోటే పెట్టాను.
ఒకటి ఎక్కడిదో గుర్తు రాలేదు.
దాన్ని చివర్లో, ఉత్త నలుపు మీద వదిలేశాను.

మస్తానమ్మత్త టీ బంకు వెనక సున్నపు గోడ,
అద్దె ప్రొజెక్టరు, పదకొండు మంది, ఒక కుక్క.
"ఇది సినిమానా, సీసీ కెమెరానా?"
అన్నాడు కరెంటాఫీసు సుందరరావు.
ఖాదర్‌వలీ వైర్లు సర్దుతున్నట్టు వంగిపోయాడు.
మాలకొండయ్య కుర్చీ వద్దని నేల మీద కూర్చున్నాడు.
గోడ మీద దగ్గు వచ్చినప్పుడల్లా
కింద ఆయనా దగ్గాడు,
ఓసారి ముందు, ఓసారి వెనక,
సింక్ తప్పిన సౌండులాగా.

అయిపోయాక తుండుగుడ్డ దులుపుకుని లేచాడు.
"నాకంటే నా దగ్గే బాగా యాక్టింగు చేసిందబ్బయా!"
పకపకా నవ్వాడు, బంకు రేకులు అదిరేట్టు.
ఆ నవ్వు పట్టుకుందామని
జేబులు తడుముకున్నాను.
ఫోను ప్రొజెక్టరుకి తగిలించి ఉంది.