పదిహేడో వరస

నరసాపురంలో రాత్రి పదకొండు.
స్టీమర్ రోడ్డు మీద ఆఖరి ఆటో కూడా వెళ్ళిపోయింది.
కాలేజీ మేడ మీద, ఫ్యాను వేస్తే కంప్యూటరు మినుక్కుమనే గదిలో
నేనూ, రెండొందల పన్నెండు మంది ఆడవాళ్ళూ.

వాళ్ళకి పేర్లు లేవు.
కాకినాడ ఆస్పత్రి పేర్లు కత్తిరించి పంపింది.
అంకె, వయసు, వృత్తి, గడ్డ కొలత,
ఆ పక్కన వేల ప్రోటీన్లు, ఏది ఎవరిలో ఎంతుందో.

ఇరవై అక్షరాల భాష.
గుణింతం లేదు, ఒత్తు లేదు.
మన యాభై ఆరు ముందు ఇదెంతలే అనుకున్నాను మొదట్లో.
ఒత్తు జారితే మనకి ‘చెల్లి’ ‘చెలి’ అవుతుంది, అంతే.
అక్కడ ఒక్క అక్షరం జారితే
మడత పడాల్సింది పడదు,
ఆగమన్న మాట కణానికి వినపడదు.

పోయిన నెల ఒకటి దొరికిందని ఎగిరి గంతేశాను.
ముప్ఫై ఒక్క మందిలో నిట్టనిలువుగా లేచిన గీత!
ల్యాబు గంగాచలం గారికి మినపరొట్టె, పాకం ఇప్పించాను.
తర్వాత తేదీలు చూస్తే
ముప్ఫై ఒక్క డబ్బాలూ ఒకే మంగళవారానివి.
ఆ రోజు ఫ్రిజ్జుకి ఆరు గంటలు కరెంటు లేదు.
ఆ ప్రోటీను కేన్సర్‌ది కాదు,
కరెంటు కోతది.

ఇంటికెళ్ళి ముఖం వేలాడేసుకుంటే
ఎలీసమ్మ పిన్ని లేసు సూది ఆపకుండానే అంది:
“తప్పు కనపడ్డకాడ పుట్టదే.
నలభయ్యో వరస ముడుచుకుందంటే
పదిహేడో వరస సూడు.”

మళ్ళీ కూచున్నాను.
అరుస్తున్న వాటిని పక్కన పెట్టి
అరుపు ఆపాల్సిందేదని వెతికాను.
లాకు తలుపు దించేవాడు లేకపోతే
కాలవని తిట్టి ఏం లాభం?

దొరికింది ఒకటి, చిన్నది.
సరైన పేరు కూడా లేదు, నంబరే.
గడ్డ పెద్దదైన ప్రతిచోటా ఇది పల్చబడింది.
ఈసారి ముందు తేదీలు చూశాను.
అన్ని వారాలూ ఉన్నాయి.

మినపరొట్టె తెప్పించలేదు.
ఇది మందు కాదు. పదకొండింటి జాబితాలో ఏడోది.
హైదరాబాదులో ఎవరో గాజు గిన్నెలో కణాలు పెంచి
అవునో కాదో చెప్పాలి. నెలలు పడుతుంది.

అన్నిటికన్నా పల్చగా ఉన్నది ఎనభై ఎనిమిదో నంబరులో.
యాభై మూడేళ్ళు. వృత్తి: లేసు అల్లిక.

పిన్ని ఒళ్ళో ఇవాళ కొత్త గుడ్డ.
సగం దాకా ఎవరో అల్లినది.
“మా జట్టులో మనిషిది. వారం నుంచి రావట్లేదు,
దాని వంతు నేనేత్తన్నా” అంది.

పేరు అడగలేదు.
అడిగే హక్కు నాకు లేదు.
చేతిలోకి తీసుకుని మొదటి నుంచీ
కళ్ళు లెక్కపెట్టాను.
పదిహేడో వరస రెండుసార్లు లెక్కపెట్టాను.

ఒక్కటీ తప్పలేదు.