సిగ్నల్ లేదు

పాత కార్డు పీకి కొత్తది పెట్టాను.
ఫ్యాన్లు తిరిగాయి, లోపల ఎర్రదీపం వెలిగింది.
మానిటరు మాత్రం తారు పూసిన పడవ అడుగు.
ఓ మూల రెండే మాటలు: సిగ్నల్ లేదు.
అవీ మూడు క్షణాలు తేలి మునిగిపోయాయి.

కంచరపాలెం మెట్టు, మూడో అంతస్తు,
రాత్రి పదకొండున్నర.
ఆ పెట్టె కడుపులో పెదగంట్యాడ వాళ్ల పెళ్లుంది.
జీలకర్ర బెల్లం దగ్గర పాత కార్డు చచ్చిపోయింది.
నిన్నటి నుంచీ పాపం ఆ పిల్లా పిల్లాడూ
ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెట్టుకుని
చీకట్లో అలాగే కూర్చున్నారు.
పొద్దున్నే పెళ్లికూతురి నాన్న మిగతా డబ్బుతో వస్తాడు.

ఆపి మళ్లీ వేశాను, అందరిలాగే.
చూస్తే కేబులు కార్డుక్కాదు, బోర్డుకి గుచ్చి ఉంది.
మార్చాను. సిగ్గు పోయింది గాని చీకటి పోలేదు.
ఆరూ రెండూ ఎనిమిది పిన్నుల కరెంటు తీగ
పీకి, ఊది, మళ్లీ దిగ్గొట్టాను.
మేనకోడలి డబ్బాలోంచి
మామిడిపండు వాసనేసే రబ్బరు దొంగిలించి
ర్యామ్ పళ్లు తోమాను. నల్లటి పొడి రాలింది.
ఈ ఊరి గాలికి ఉప్పు నాలుక.
గేటు నాకుతుంది, సైకిలు నాకుతుంది,
బంగారప్పూతనీ వదలదు.

స్విచ్చి వేస్తే
ఒక పొడుగు కూత, రెండు పొట్టివి.
ఒక పొడుగు, రెండు పొట్టి.

కింది వాటాలోంచి గవరయ్య బాబాయి ఎక్కొచ్చాడు.
"ఏటమ్మా ఆ కూత? నాలుగోసారి ఇంటన్నాను.
ఏదో అడుగుతన్నట్టే ఉంది."
ముప్పై ఏళ్లు పోర్టులో క్రేన్ నడిపిన మనిషి.
కంప్యూటరు జోలికి ఎన్నడూ పోలేదు.
నేను కార్డు తీసి మళ్లీ పెడుతుంటే
గుమ్మంలోనే నిలబడి చెవి ఒగ్గాడు.
"పళ్లేదు" అన్నాడు.
"ఏంటి బాబాయ్?"
"తాళం. కంటైనరు దించితే టక్కున పడాల.
పడిందనీసుకోకూడదు. ఇనాల."

పద్నాలుగు వేల వస్తువు,
మొదటి వాయిదా ఇంకా కట్టనే లేదు.
గాజుల మలారంలా పట్టుకున్నాను గాని
గట్టిగా నొక్కడానికి చెయ్యి రాలేదు, నిజమే.
టార్చి వేసి చూస్తే
పెట్టె వెనక రేకు ఓ నూలు వంగి ఉంది.
ఇటు స్క్రూ బిగిస్తున్న కొద్దీ
అటు చివర పైకి లేస్తోంది.

పటకారుతో రేకు సరిచేశాను.
రెండు బొటనవేళ్లూ ఆనించి, కళ్లు మూసుకుని—
టక్.
ఇద్దరం విన్నాం.

ఈసారి ఒకటే పొట్టి కూత.
తెర తెల్లారింది.
డ్రైవరు ఇంకా లేదు కదా, అక్షరాలు బండగా ఉన్నాయి,
పెళ్లికొడుకు అడ్డంగా లావెక్కాడు.
అయినా చేతులు దించారు ఇద్దరూ, హమ్మయ్య.
ముందుకు జరిపాను: తలంబ్రాలు, బిందెలో ఉంగరం,
డాబా మీద బంతి భోజనాలు, డ్రోన్ తీసింది,
ఆకుల వరసలూ నెత్తుల వరసలూ.

"ఆపమ్మా."
రెండో వరసలో ఎవరో
వడ్డించేవాడికేసి చెయ్యెత్తి
అరచెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు.
"దాలినాయుడు" అన్నాడు బాబాయి.
పందొమ్మిదేళ్లు కింద నిలబడి
ఎత్తు, దించు, ఆగు అని
తనకి సిగ్నల్ ఇచ్చిన మనిషట.
"మొకం సరిగ్గా ఎరగను. వందడుగుల మీంచి
పచ్చ టోపీ, ఆ సెయ్యీ, అంతే.
టోపీ లేదు గాని సెయ్యి ఆడిదే."

డ్రైవరు వెయ్యాలి బాబాయ్,
వేస్తే తెర ఓసారి నల్లబడుతుంది, అన్నాను.
"ఉండమ్మా" అన్నాడు,
కుడిచెయ్యి మోకాలి మీద
లివరు పట్టినట్టు పిడికిలి చేసి.