డొల్ల చప్పుడు

ఈ పట్నాన్ని నేను నడిచి చూసింది తక్కువ,
మోకాళ్ల మీద చూసిందే ఎక్కువ.
మణికొండల పద్నాలుగో అంతస్తు,
అల్వాల్‌ల ఒక పూజగది,
మియాపూర్‌ల ఒక్క ఇంటికే ఆరు బాత్రూములు.
ఒక్కొక్క టైలు పరుచుకుంట,
వెనక్కి వెనక్కి జరుగుకుంట
గడప దాటి బయటపడేటోణ్ని.
ఆ నేల మీద మళ్ల ఎన్నడూ కాలు పెట్టలే.

రెండేండ్ల సంది కుడి మోకాలు సణుగుతుండె.
మెట్లు దిగేటప్పుడు ఒక మాట,
కూసోని లేచేటప్పుడు ఒక మాట.
"గుజ్జు అరిగింది" అన్నడు ఇస్త్రీ బండి సత్తెయ్య,
ఎవరొచ్చినా అదే మాట, అంగీ మడత పెట్టినంత అలవాటుగ.
"ఆలుగడ్డ బంద్ చెయ్యి, వాతం" అన్నది మేడ మీది అనసూయమ్మ.
మెడికల్ షాపు పిలగాడు ఏమీ అనలే,
నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చిండు.
నేనైతే చలి అన్న, వయసు అన్న,
ఎన్నడో సెంట్రింగ్ మీదికెళ్లి పడ్డ సంగతి తీసిన.
మోకాలికి బోడిగుండుకు ముడేసుడు
మా బోరబండల అందరికీ వచ్చిన పనే.

శ్రావణంల పగిలిన టైలు పెంకు గీసుకున్నది.
సన్న గీత. ఉఫ్ అని ఊదుకొని మాలు కలిపిన.
మూడోనాటికి చిప్ప మీద కోడిగుడ్డంత వాపు,
చెయ్యి పెడితే సత్తెయ్య ఇస్త్రీపెట్టె.
రాత్రంత చలిజ్వరం.
పొద్దున కింద మోపితే
కాలు నాది కాదన్నది.

బస్తీ దవాఖానల నుస్రత్ డాక్టరమ్మ,
మా పెద్దబిడ్డ ఈడుది,
చిప్ప చుట్టూ వేలుతోని మెల్లగ తట్టింది.
నేను టైలును గట్లనే తడత.
గట్టి చప్పుడైతే కింద మాలు నిండినట్టు,
డొల్ల చప్పుడైతే గాలి.
తట్టే చెయ్యి నాకెరుకే. నమ్మిన.

పొద్దున లేవంగనే ఎంతసేపు బిగుసుకుంటది?
నడుస్తుంటే నడిమిట్ల తాళం పడ్డట్టు ఆగుతదా?
ఉన్నట్టుండి మడుసుకపోతదా?
కాలి బొటనవేలు ఎన్నడన్న వాచి మండిందా?
తుంటి నొస్తదా?
"తుంటి ఎందుకమ్మా?"
"తుంటి చెడితే ఒక్కోసారి మోకాలు ఏడుస్తది."
తుంటి మీద కొడితే పండ్లు రాలుతయని
మా నాయన నవ్వుకుంట చెప్పేటోడు.
ఈ పిల్ల నవ్వకుంట చెప్తున్నది.

"గుజ్జు సంగతి తర్వాత చూద్దాం.
చిప్పకూ తోలుకూ నడుమ సన్న సంచి ఉంటది,
పుట్టుకతో వచ్చిన మెత్త.
ఇరవై ఏండ్లు దాని మీదనే కూసున్నవ్.
ఇప్పుడా గీతలకెళ్లి చీము జొచ్చింది.
ఉత్త నొప్పైతే కొన్నొద్దులు చూడొచ్చు, తగ్గకుంటే రావాలె.
వాపు, వేడి, జ్వరం కూడి వస్తే
పొద్దుగూకేదాక గూడ చూడొద్దు.
కాలు మోపలేకున్నా అంతే."
చీటీ రాసి గాంధీకి పంపింది,
ఆటో ఎక్కేదాక గడపల నిలబడ్డది.

సూదిలకి మబ్బు రంగు నీళ్లొచ్చినయి.
మూడు వారాలు పని లేదు.
చిట్టి పైసలు దానికే పోయినయి, అది వేరే కత.

ఇప్పుడు మూడొందల ఎనభై పెట్టి రబ్బరు మెత్తలు కొన్న.
"క్రికెట్ ఆడ్తవా కాకా?" అన్నడు హెల్పర్ దుర్గేశ్.
వాని మోకాళ్లకూ కట్టిన.
ఇరవై రెండేండ్లు వానికి. నవ్వుడు ఆపలే.

టైలు పగిలితే ఓనరు టైలును తిడతడు,
కంపెనీని తిడతడు, నన్ను తిడతడు.
కింద ఏమున్నదో తట్టి చూసేటోడు లేడు.

నిన్న రాత్రి వంటింట్ల కమలవ్వ
గోడ పట్టుకొని లేచింది.
ఇరవై ఆరేండ్ల సంది పక్కనే ఉన్న,
ఆ "అమ్మా" అనుడు నిన్ననే ఇనపడ్డది.
"పొద్దున లేవంగనే ఎంతసేపు బిగుసుకుంటది?"
గిన్నె చేతుల అట్లనే పట్టుకొని
కొత్తోణ్ని చూసినట్టు చూసింది.
"అన్నం చల్లారుతున్నది" అన్నది.