కనుచూపు మేర

జయపురంలో డిసెంబరు తెల్లారదు,
ఊరికే నలుపు తెలుపవుతుంది.
రన్‌వే మీద నడుస్తుంటే
నా బూట్లు నాకు వినబడతాయి, కనబడవు.

తొమ్మిది సీట్ల విమానం మాది.
రెక్క కింద మేక పడుకుంటే
దాన్ని లేపడమూ నా డ్యూటీయే,
కాంట్రాక్టులో రాయలేదంతే.

మేం పద్నాలుగు మందిమి.
యూనియన్ అంటే
ఒక రబ్బరు స్టాంపు, ఒక వాట్సాప్ గ్రూపు,
సుహాసిని సుబుద్ధి చంకలోని పచ్చ అట్ట ఫైలు.
ఆర్నెల్లయింది, హోటల్ మేడ మీది గదిలో
బేరం మొదటి పేజీ దాటలేదు.

వాధ్వానీ మర్యాదస్తుడు.
జీడిపప్పు ప్లేటు మావైపు జరిపి
"పది గంటల విశ్రాంతా!
ఎనిమిదిలో నిద్ర పట్టదా మీకు?" అని నవ్వుతాడు.
తర్వాత నవ్వకుండా
బాండు కాగితాల అంచులు సర్దుతాడు.
తలకి పాతిక లక్షలు.
ఆ కట్ట ఎంత బరువో
ఎత్తి చూడక్కర్లేదు మాకు.

మా మేనత్త కుందులి సంతలో అల్లం కొనేది.
"ఎంత గీసినా సరేరా,
అమ్మేది గంప నెత్తికెత్తుకుని
నాలుగడుగులు వేసిందా, ఇక ధర దానిదే" అనేది.
మాకు గంపేది?

"బండి ఆపేద్దాం" అన్నాడు త్రినాథ్,
మీసం ఇంకా సరిగా రాని కుర్రాడు.
సుహాసిని ఫైలు మూసింది.
"బుధవారం మూడో సీటెవరిది?"
డ్రాయింగు మాస్టారిది. విశాఖలో డయాలసిస్.
ఎవరూ మాట్లాడలేదు.
కింద వీధిలో ఎవరో షట్టరు దించారు.

అప్పుడు తెరిచింది ఆ అమ్మాయి
మేమంతా పరీక్షకి చదివి మరిచిన పుస్తకం.
కనుచూపు మేర ఐదు కిలోమీటర్లు ఉంటేనే
చక్రం నేల వదలాలి.
ఏళ్ల తరబడి ఆ గడిలో ఐదని రాస్తూ వచ్చాం,
ఎదుటి గాలిసంచి కూడా కనబడని పొద్దుల్లో.
"సమ్మె వద్దు" అంది.
"ఉన్నది ఉన్నట్టు రాద్దాం."

మర్నాడు రాశాం: నాలుగు వందల మీటర్లు.
ఆ మర్నాడు మూడు వందలు.
పది దాటాక కొండలు బయటపడేవి,
అప్పటికి మా డ్యూటీ గంటలు చెల్లిపోయేవి.
అదీ పుస్తకంలో ఉన్నదే.
పదకొండు రోజులు
విమానం తడి గేదెలా నిలబడింది.
జిందాబాద్ అన్నవాడు లేడు.

పన్నెండో రోజు వాధ్వానీయే వచ్చాడు,
కోటు మీద శాలువా కప్పుకుని.
"ఎదురుగా ఏముంది?"
"కొండ సార్."
"ఏ కొండ?"
"మేమూ అదే అడుగుతున్నాం."

పట్టు కొంత, విడుపు కొంత.
పది అడిగితే తొమ్మిదిన్నర.
బాండు సగానికి దిగింది.
ఏడింటి విమానం పదిన్నరకి జరిగింది.
పోయిన అరగంట ఎవడి జేబులో ఉందోనని
సుహాసిని ఇప్పటికీ వెతుకుతోంది.

సామాన్లెక్కించే డొంబురు
సంతకాల రోజున స్వీటు తీసుకోలేదు.
"మీకు తొమ్మిదిన్నర వచ్చింది బాబూ,
నా పదకొండు రోజుల కూలి
ఎవుల కాగితంలో రాసినారు?"
పచ్చ ఫైలు తిరగేశాను,
వెతుకుతున్నట్టు.

మరుసటి బుధవారం వచ్చారు మాస్టారు.
ఆ రోజుల్లో మూడుసార్లు ఘాటీ మలుపుల్లో
రాత్రి బస్సు మీద పోయొచ్చారట.
ముఖం ఉబ్బింది. చేతి మీద దూది,
దాని మీద ఎర్రటి చుక్క.
సీటు బెల్టు ఆయనకి అందకపోతే
వంగి నేనే పెట్టాను.

"ఈ ఏడు మంచు మరీ ఎక్కువైంది కదూ,
పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు" అన్నారు.

మంచు ప్రతి ఏడూ అంతే.

"అవును మాస్టారూ" అన్నాను.
పన్నెండు రోజుల తర్వాత
నేనాడిన మొదటి అబద్ధం.