నల్ల మార్కరు

సెక్షన్ ఎనిమిది నాకు నోటికొచ్చు.
మా చిన్నదానికి ఎక్కాలు చెప్పేటప్పుడు
ఎనిమిదొకట్ల ఎనిమిది అనగానే
ఏ, బీ, సీ అని నాలుక దూకుతుంది.

మార్చి నెల. యార్డు మీంచి గాలి తిరిగితే
ఆఫీసు మెట్ల మీదే తుమ్ములు మొదలు.
ఖాసింబీ తుమ్మలేదు.
ముప్పై ఏళ్లు మిరపకాయలకు తొడిమలు తీసిన మనిషి.
వేళ్ల కొసల్లో మంట ఇంకా పోలేదట,
కాగితం పట్టుకుంటే హాయిగా ఉందంది.

పది రూపాయల స్టాంపు వంకరగా అంటించింది.
అడిగింది ఒక్కటే:
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ తగలబడ్డ రాత్రి
లోపల మా మస్తాను ఉన్నాడని తెలిసీ
షట్టరు దింపమన్నదెవరు?

విచారణ నివేదిక పదకొండు పేజీలు,
పేజీకి రెండు రూపాయలు.
ఇవ్వొచ్చయ్యా, అన్నారు సారు,
ఇవ్వగూడనిది కొట్టేసి ఇవ్వొచ్చు.
ఆ కొట్టెయ్యడమే నా ఉద్యోగం.

ఆరో పేజీలో ఒకే వాక్యంలో రెండు పేర్లు.
ఫోను చేసిన ఆసామిది ఒకటి:
వ్యక్తిగత సమాచారం, జె.
పెద్ద ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని కిందెక్కడో ఉంది గాని
ఆ పెద్దదనం కొలిచే టేపు సారు సొరుగులో ఉంటుంది.
రెండోది, ఆ ఫోను ఎత్తిన వాచ్‌మన్ ఏసోబు.
విన్నది విన్నట్టు చెప్పి వేలిముద్ర వేశాడు.
ప్రాణాపాయం, జి.

అదే మార్కరు. అదే సిరా.
దాచాల్సినవాణ్ణీ దాక్కున్నవాణ్ణీ
ఒకే చీకట్లో పక్కపక్కన కూర్చోబెట్టాను.

ట్యూబులైటు కేసి ఎత్తి పట్టుకుంటే
గీత వెనకాల అక్షరాలు
చారులో చేపముళ్లలా తేలతాయి.
అందుకే కొట్టేసిన కాగితాన్ని
మళ్లీ జిరాక్సు తీసి, ఆ కాపీ ఇస్తాం.
రూలు కాదు, అలవాటు.

ఏసోబు మీద మళ్లీ రుద్దాను,
మూడుసార్లు, ఏడో పేజీ తడిసిందాకా.
రెండో పేరు దగ్గరికొచ్చేసరికి
మార్కరుకు మూత పెట్టేశాను.
మిషన్లో టోనరు అయిపోయిందని రిజిస్టర్లో రాశాను.
సగం నిజం.

ఖాసింబీకి చదువు రాదు.
పేజీలు తిప్పి తిప్పి చూసి
"ఇన్నిచోట్ల కరెంటు పోయిందేం నాయనా?" అంది.
"మనవరాలితో చదివించుకో.
లైటు కింద కూర్చోమను, కళ్లకు మంచిది" అన్నాను.
నా మొహంలోకి కాసేపు చూసింది.
కాగితాలు మడవకుండా, ఎండ తగలనిచ్చి పట్టుకుని
మెట్లు దిగింది.

సిరా ఎంత చిక్కగా ఉండాలో
ఎనిమిదిలో లేదు. పదిలోనూ లేదు.
రాత్రి మళ్లీ వెతికాను.

పొద్దున బండి ఏటుకూరు రోడ్డు వైపు తిప్పాను,
అటు పనేం లేకపోయినా.
వేరే గోడౌను గేటు దగ్గర ఏసోబు
స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.
నేనెవరో అతనికి తెలియదు.
బండి ఆపలేదు.