మూడడుగుల నీళ్లు

బిట్రగుంటలో మాకు నీళ్లు రెండు రకాలు.
తాగే నీళ్లు కుళాయిలో, పొద్దున గంటసేపు.
ఈదే నీళ్లు
ఇంజన్లు తాగగా మిగిలినవి.

లోకోషెడ్డు వెనక, బొగ్గుదిబ్బ దాటాక
దొరలు కట్టుకున్న ఈతతొట్టి.
వాళ్లు పోయి ముప్పయ్యేళ్లు దాటినా
బట్టలు మార్చుకునే గదిలో
అద్దం తగిలించిన మేకు అట్లాగే ఉండేది,
అద్దం లేదు.
మగపిల్లలకు రోజూ.
మాకు గురువారం, రెండు నుంచి నాలుగు.
గడియారం ఎవరికుంది?
మద్రాసు ప్యాసింజరు కూతేస్తే దిగడం,
గూడూరు గూడ్సు కదిలితే ఎక్కడం.
ఆ గూడ్సు ఆలస్యం కావాలని
నేను మొక్కిన మొక్కులు
ఏ దేవుడి ఖాతాలో బాకీ పడి ఉన్నాయో.

రవణయ్య ఖలాసీ.
షంటింగులో ఎడమచేతి వేళ్లు మూడు పోయాక
తొట్టి కాపలాకు వేశారు.
నా నడుముకు తాడు కట్టి
దూడను తోలుకుపోయినట్టు గట్టు మీద నడిచేవాడు.
నీళ్లలో నేను, చుట్టూ పొంగిన పరికిణీ,
ముక్కులోకి ఇనుమూ నూనే కలిసిన రుచి.
పక్కన అన్న నిక్కరేసుకొచ్చిన షంషాదు
కప్పలా రెండు బారలు వేసి
రిబ్బను తడవకూడదని ఏడ్చే కెజియాని
వెక్కిరించేది.

"కాలు దించబాక మే!" అరిచేవాడు రవణయ్య.
"అడుగునంతా గాజుపెంకులు.
దొరలు తాగి పారేసిన సీసాలు.
దించినావంటే మడమ రెండు చెక్కలు."

గట్టు అంచున తెల్లరంగుతో మూడు అంకె.
మూడడుగులే గదా.
బొడ్డు దాటి కాస్త పైకి.
తెగుతుందని భయమే తప్ప
మునుగుతానని భయం లేదు నాకు.
అట్లా, కాలు కోసుకోకుండా ఉండటానికి
నేను ఈత నేర్చుకున్నాను.

ఇంట్లో దాస్తే దాగేదా?
ఆదివారం తలంటితే నురగ నల్లగా దిగేది.
"నేను పిల్లని కన్నానా, ఇంజన్ని కన్నానా"
అని అమ్మ నెత్తిన ఇంకో చెంబు గుమ్మరించేది.
కుంకుడు పులుసు కళ్లలో పడ్డా
లోపల్లోపల కాళ్లాడిస్తూనే ఉండేదాన్ని.

తర్వాత డీజిళ్లొచ్చాయి.
డీజిలుకు దాహం లేదు.
షెడ్డు మీది ట్యాంకు ఎండింది,
ట్యాంకు ఎండితే తొట్టి ఎండింది.
మగపిల్లలు కొన్నాళ్లు అందులో క్రికెట్టాడి
బంతి గోడకు కొట్టి కొట్టి విసుగెత్తి మానేశారు.

పదమూడో ఏట, ఒక గురువారమే,
నిచ్చెన చివరి మెట్టు నుంచి దూకి
అడుగున దిగాను.
చెప్పులు విప్పలేదు, గాజుపెంకులని.
వేపాకు ఉంది. తలపిన్ను ఒకటి ఉంది.
పగిలిన ప్లాస్టిక్ బంతి ఉంది.
మూలమూలా వెతికాను.
గాజు లేదు.
ఒక్క పెంకు, వేలిగోరంతది కూడా లేదు.

మూడు అంకె కిందికి వచ్చి నిలబడ్డాను.
గట్టు నా తల మీద ఉంది.
చెయ్యి చాపితే మునివేళ్లకు అంచు అందింది.
మునివేళ్లకే.
తెల్లరంగు పెచ్చు లేచిన చోట గోటితో గీకితే
సిమెంటులో దొరలు చెక్కించిన పాత అంకె:
ఆరు.

తొమ్మిదేళ్ల నేను ఎంత ఉండేదాన్ని?
చొక్కా గుండీలంత పొడుగు.
ఆ పొడి సిమెంటు మీద
నాకు ఊపిరాడలేదు కాసేపు.

చాలా ఏళ్లకు కావలి ప్లాట్‌ఫారం మీద కనిపించాడు.
బెంచీ మీద ఇడ్లీ పొట్లం విప్పుకుంటూ,
మునుపటికంటే సన్నగా.
"ఈదతా ఉండావా మే?" అన్నాడు,
పేరు గుర్తుకు రాక.
ఆరు గురించి అడుగుదామని నోరు తెరిచి
ఇంకోటి అడిగాను:
"ఆ గాజుపెంకులు ఇంకా ఉండాయా?"

మిగిలిన రెండు వేళ్లతో
ఇడ్లీ తుంచి పచ్చట్లో ముంచుతూ
తలెత్తకుండా అన్నాడు:
"ఉంటాయి మే.
యాడికి పోతాయి?"