నడిమి పలక

బెంగళూరులో, హెన్నూరు దాటాక,
రాజకాలువ వంపు తిరిగే చోట, టైర్ల కొట్టు వెనక
నడుము దాకా మట్టిలో కూరుకుపోయిన వీరగల్లు.
డ్రాయింగులో దాని ఊసే లేదు.
నా గీత మాత్రం సరిగ్గా దాని మెడ మీదుగా పోతుంది.

సోమవారానికి సున్నం పడాలి,
మంగళవారం జేసీబీ.

పక్కనే రేకుల గుడిసెలో బొరుగులమ్మే ముత్యాలక్క
జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు
రాతి మీద చెయ్యేసి అంది:
"మా ఒడ్డోళ్ల మనిషే. కదిరన్న.
చెరువులు తవ్వేటోడు."

"ఊర్లో నీళ్లు లేని ఏడంట అది. ఎద్దులు మన్ను నాకిన ఏడు.
సుంకులమ్మ కలలోకొచ్చినాది:
కదిరా, పార తీసుకో, తూరుపుకి పో.
నీ ముందర ఒక దివిటీ పోతా ఉంటాది.
అది నిలిచిన చోట తవ్వు.
నడమ ఎవురు పిలిచినా తిరగొద్దు."

రెండు రాత్రులు నడిచాడట.
గాలికి ఆ మంట ఊగలేదట, వానకు తడవలేదట.
మూడో రాత్రి కుడిపక్క నుంచి కేక.
ఆవులమందను దొంగలు తోలుకుపోతున్నారు,
ఒక పిల్ల ఒంటరిగా రాళ్లు విసురుతోంది.

"ఆ పిల్ల మా ఊరిది గాదు.
మాకూ ఆ ఊరికీ నీళ్లకాడ తగాదా, మాటల్లేవు.
అయినా నిలబడిపోయినాడు."

దివిటీ?

"పది అడుగులు పోయినాది."

ఆగిందా?

"ఆగుంటే కత యాడుంటాది బిడ్డా!"

పారతోనే కొట్లాడాడు. పారతోనే పడిపోయాడు.
వాడు పడిన చోట నీళ్లూరాయని కొందరంటారట.
"నేననను. నేను చూడలే.
మా ఊరికి మాత్రం ఇంకో ఏడేండ్లు నీళ్లు రాలే."

మట్టి తోసి చూశాను.
కింది పలకలో మనిషి, చేతిలో కత్తి లేదు, పారే.
నాలుగు ఆవులు, ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది.
పై పలకలో లింగం, సూర్యుడు, చంద్రుడు.
దేవకన్యలు చంకల్లో చేతులేసి
వీరుణ్ణి పైకెత్తుకుపోవాల్సిన నడిమి పలక
నున్నగా, ఖాళీగా ఉంది.

శిల్పికి కూలి ముట్టలేదేమో అన్నాను.

పొగాకు పక్కకు ఉమ్మి నవ్వింది ముత్యాలక్క.
"అమ్మోరే దిగొచ్చినాది వాణ్ణి తీసకపోను.
నా మాట ఇనలేదు గదరా, అయినా రా, అనింది.
ఇంకొంచేపు తాళు తల్లీ,
ఆ దివిటీ యాడ నిలిచిందో చూసొస్తా, అన్నాడంట వాడు.
ఇంకా ఎతుకుతానే ఉండాడు.
ఇంట్లో లేనోణ్ణి ఎట్ల చెక్కుతారు?"

పొద్దు వాలింది. ఆఫీసు నుంచి ఫోను:
డ్రాయింగు ప్రకారం పోండి మేడం, ఆలోచించే పని మనది కాదు.
మిషను తిప్పితే లేజరు చుక్క
బురద మీద, ప్లాస్టిక్ కవర్ల మీద, చచ్చిన ఎలుక మీద
ఎర్రగా, వణక్కుండా పాకుతూ పోయి
రాతి మెడ దగ్గర ఆగింది.

ఒకటిన్నర మీటరు ఎడమకు జరపొచ్చు.
లెక్క వేశాను, కాలువ వాలు చెడదు.
చుక్కను జరిపాను.
అది ముత్యాలక్క గుడిసె తలుపు మీద,
గొళ్లానికి వేలాడే తాళం మీద ఆగింది.

ఆమె చూసింది. చెప్పక తప్పలేదు నాకు.
ఏం చెయ్యమంటావక్కా అన్నాను.

బొరుగుల మూట ముడేస్తూ తలెత్తలేదు.
"నన్నడగొద్దు బిడ్డా.
వాడు ఎవుర్ని అడిగినాడు?"

గుప్పిట్లో సున్నం చెమటకు ముద్దయింది.
బటను నొక్కి ఎర్ర చుక్కను ఆర్పేశాను.
చీకట్లో, ఆ కంపులో,
నీళ్లు ఎటు పోతున్నాయో మొదటిసారి వినబడింది.